ఇంటికొక మానెడు

మా ఇంట్లో మంచాలు రెండు. ఒకటి పడుకోవడానికి, ఒకటి చూపించడానికి.

చూపించే మంచం ముందు గదిలో, తలుపు తీయగానే కంటబడేలా ఉండేది. రోజూ పొద్దున్నే నావాడు దాని మీది దుప్పటి దులిపి, మళ్లీ పరిచి, ఎవరో పడుకుని లేచినట్టు చేత్తో కాస్త నలిపేవాడు. దిండు మధ్యలో గుంట పడేలా ఒక గుద్దు గుద్దేవాడు. ఆ గుద్దు చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. వాకిట్లో నీళ్ల కుండలు రెండు. దండెం మీద అతని బట్టలు ఒక కొసకు, నావి ఇంకో కొసకు. అంగట్లో కూరగాయలు కొన్నా రెండు సంచుల్లో మోసుకొచ్చేవాడు. మేమిద్దరం రెండుగా కనబడినంత కాలం మాకేమీ కాదని అతని నమ్మకం.

అతని పేరు రాయను. నావాడు అంటాను. ఆ రోజుల్లో పైకి అనలేకపోయిన మాట అది. ఇప్పుడైనా తనివితీరా అనుకుంటాను.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో, మలక్‌పేటలో. నావాడిది జఫర్‌గఢ్ దగ్గర ఒక ఊరు. ఇద్దరం మగవాళ్లం, ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్లం. పట్నంలో ఇలాంటివాళ్లు కలిసి బతకడం సులువని పల్లెల్లోవాళ్లు అనుకుంటారు. పట్నంలో మేము మారని పేట లేదు. అద్దెకిచ్చిన ప్రతి ఇంటివాళ్లకూ మా పెళ్లిళ్ల మీద మాకంటే ఎక్కువ బెంగ. చివరి ఇంటాయన అనుమానం ముదిరి, మేము లేనప్పుడు తాళం మార్చి సామానంతా మెట్ల మీద పెట్టించాడు. అదే రోజుల్లో నేను బొమ్మలు, అక్షరాలు వేసిపెట్టే ప్రకటనల ఆఫీసు కూడా మూతబడింది.

నావాడు అప్పటికి జనగామ డిపోలో బస్సు కండక్టరు. శివరాత్రికి కాళేశ్వరం స్పెషల్ బస్సెక్కి వెళ్తే భక్తుల తడిబట్టలతో అతని బ్యాగు కూడా తడిసి వచ్చేది. ఊళ్లో అతని వాటాకు ఒక చిన్న పొలం, దానికో బావి, రెండు గదుల పెంకుటిల్లు ఉన్నాయి. మెట్ల మీది సామాను చూసి, "పా, మనూరికి పోదాం. వడ్లు పండిచ్చుకోని తిందాం" అన్నాడు. బస్సెక్కాక టికెట్టు కొట్టినంత మామూలుగా ఒక షరతు కూడా పెట్టాడు.

"ఊళ్ల నువ్వు నా దోస్తువు. పట్నంల పని పోయింది, కొన్నొద్దులు ఉండనీకి వచ్చినవు. గంతే."

"సరే" అన్నాను. సామాను మెట్ల మీదున్నవాడు ఇంకేమంటాడు?

అలా ఆ ఊళ్లో నేను చుట్టాన్నయ్యాను. చుట్టమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. ఎవరింటికి వెళ్లినా పీట వేసేవాళ్లు. చాయ్ పోసేవాళ్లు. వద్దన్నా ఇంకో గ్లాసు పోసేవాళ్లు. పని మాత్రం ఒక్కరూ చెప్పేవాళ్లు కాదు. గడ్డిమోపు ఎత్తబోతే "నువ్వు కూసో బిడ్డా" అనేవాళ్లు. నీళ్లు తోడబోతే చేదతాడు చేతిలోంచి లాక్కునేవాళ్లు. ఇంత ప్రేమతో మనిషిని బయట నిలబెట్టడం నేనెక్కడా చూడలేదు. నాకు ముక్కు మీద కోపం. ఆ చాయ్ తాగలేక, వద్దనలేక ఉడికిపోయేవాణ్ణి.

ఇంటి దగ్గర మాత్రం నన్ను ఆపేవాళ్లు లేరు. నావాడు డ్యూటీకి పోగానే పెరట్లో పడేవాణ్ణి. ధనియాలు నలపకుండా చల్లి, కొత్తిమీర రాలేదని భూమిని తిట్టాను. బీరపాదుకు పందిరి వేస్తే మొదటి గాలికే అది నా మీద పడింది. మెల్లగా వంకాయ వచ్చింది, తోటకూర వచ్చింది, కోళ్లు నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఉరికి రావడం మొదలుపెట్టాయి. నేను పెంచిన కూరతో అన్నం తిన్న మొదటి రోజు నాకు పట్టరాని గర్వం కలిగింది. ఉప్పు ఎక్కువైన సంగతి నావాడు చెప్పలేదు.

కానీ పెరడు ఇద్దరు మనుషులను ఏడాది పొడుగునా సాకదు. పొలం నాటుపడాలి.

వానలు పడ్డాయి. పొలం దున్ని బురద చేసి పెట్టాం. నారుమడిలో నారు ఏపుగా వచ్చింది. అది ముదిరేలోపు పీకి నాటెయ్యాలి. ఆ వాడలో నాట్లకు కూలికి పిలవడం తక్కువ, పిలిచినా ఆ రోజుల్లో ఎవరి పొలం వాళ్లకే సరిపోయేది. అక్కడ నడిచేది బదులు. ఇవాళ వాడలోని ఆడవాళ్లంతా నీ పొలంలోకి దిగి నాటేస్తారు. ఆ తర్వాత నీ ఇంటి మనిషి వాళ్లందరి పొలాల్లోకీ ఒక్కొక్క రోజు వెళ్లి నాటేసి రావాలి. నాటు ఆడవాళ్ల పని. మగవాళ్లు గట్లు చెక్కుతారు, నారు కట్టలు విసురుతారు, బీడీ తాగుతారు.

బదులు లెక్కంతా ఎదురింటి అవ్వ నోట్లో ఉండేది. నడుం వంగిపోయిన ముసలమ్మ. అయినా మడిలోకి దిగిందంటే పడుచువాళ్లు ఆమెను అందుకోలేరు. ఎవరు ఎప్పుడు ఎవరి పొలంలో దిగాలో ఆమె చెప్తే తిరుగులేదు.

నావాడు ఆమె గడప ముందు కూర్చుని అడిగాడు. నేను వెనక నిలబడ్డాను.

"అవ్వా, నారు ముదురుతున్నది. మమ్ములను బదుల్ల కలుపుకో."

"కలుపుకుంటె నాకేం నొప్పి కొడుకా? నీ పొలంల దిగుతం, నాటేస్తం. మరి మాకు బదులు వచ్చేదెవ్వలు? నిన్ను కన్న అవ్వ పాయె. పెండ్లి చేసుకోమంటె చెవిన పెడ్తలేవు. నీ ఇంట్ల నాటేసె మనిషేది?"

"నేనొస్తాను" అన్నాను.

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. గోడవార కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "మొగోడు నాటేసుడు ఏడనన్న ఉన్నదా?" అని ఒకామె అననే అంది.

"మొగోడి సంగతి అటెన్క" అంది అవ్వ. "నువ్వు చుట్టానివి బిడ్డా. చుట్టంతోని బదులు తీర్పిచ్చుకుంటరా ఎవ్వలన్న? రేపు పట్నంల నౌకరి దొరుకుతది, బస్సెక్కి పోతవు. మిగిలిన బదులు మేం ఎవ్వల్ని అడగాలె? ఇంటి మనిషైతె యాడికి పోతడు?" అని నావాడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు కొడుకా. గీ పిలగాడు ఉండెటోడా, పొయ్యెటోడా?"

నావాడు నేల చూశాడు. కాలి బొటనవేలితో మట్టి గీరాడు. "ఉంటడవ్వా... కొన్నొద్దులు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అతని భయం నాకు తెలియక కాదు. నాకైతే ఇది మొన్న వచ్చిన ఊరు, ఇక్కడ కుదరకపోతే ఇంకో ఊరు. అతనికి ఇది పుట్టిన ఊరు. ఇక్కడ మొహం చెల్లకపోతే అతనికి వెళ్లడానికి చోటు లేదు. అంతా తెలిసీ నా ఒళ్లు మండింది. ఆ ఊళ్లో నాకు కావలసింది వడ్లు మాత్రమే కాదని ఆ క్షణంలో తెలిసింది. ఆ ఇంటి మనిషినని ఎవరైనా ఒక్కసారి అనాలి. ఆ అనడం నావాడి నోటి నుంచే మొదలవ్వాలి.

అవ్వే, "సరే, నారైతే ఆగదు గద. దిగనియ్యి. తీర్చినకాడికి తీరుస్తడు. మిగిలింది నీ మీద ఉంటది కొడుకా" అని తేల్చేసింది.

మర్నాడు మా పొలంలోనే మొదటి నాటు. నేనూ దిగాను. లుంగీ పైకి కట్టి, తలకు తువ్వాలు చుట్టి, ఆడవాళ్ల వరసలో చివర నిలబడ్డాను. నాటు వెనక్కి నడుస్తూ వెయ్యాలి. ఇది నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని వాళ్లకు తోచలేదు. నేను ముందుకు నడిచాను. నాటిన మొక్క మీదే కాలు వేస్తూ, దాని ముందు ఇంకోటి నాటుతూ, ఎంతో శ్రద్ధగా కొంత దూరం పోయాను.

"ఓ పట్నపాయనా, నాటేస్తున్నవా, తొక్కుతున్నవా?" అని అవ్వ అరిచింది. తల ఎత్తి చూస్తే అందరి మొహాలూ నాకెదురుగా ఉన్నాయి. నేనొక్కణ్ణే వాళ్ల మీదికి నడుస్తున్నాను. నవ్వి నవ్వి ఒకామె బురదలో కూర్చుండిపోయింది. నాకూ నవ్వొచ్చింది. ఆ ఊరికి వచ్చాక నన్ను చూసి ఎవరైనా బాహాటంగా నవ్వడం అదే మొదలు. చుట్టాన్ని చూసి అలా నవ్వరు.

అక్కడ ఇంకో సరదా ఉంది. వరసలో వెనకబడినవాళ్లను మిగతావాళ్లు చుట్టూ నాట్లేసి మధ్యలో మూసేస్తారు. చుట్టూ పచ్చగా నారు, మధ్యలో ఖాళీ బురదలో మనం ఒక్కళ్లం. అదంతా నాటితే గానీ బయటికి రాలేం. మొదటి రోజే నన్ను మూసేశారు. నడుం విరిగిపోతోంది, చేతిలో నారు అయిపోయింది, గట్టు మీది మగవాళ్లు కూడా చూసి నవ్వుతున్నారు. అప్పుడు పక్క వరసలోంచి ఒక చెయ్యి నా ఖాళీలోకి వచ్చి చకచకా నాటడం మొదలుపెట్టింది. మా పక్కింటి అక్క, అందరూ ఆపా అంటారు. ఊళ్లో ఒక్కగానొక్క దర్జీ భార్య. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు మాట్లాడుతుంది.

"జర జల్ది జెయ్ తమ్మీ. లేకుంటె నిన్ను గూడ ఈడనే నాటేస్తరు వీళ్లు" అంది.

రోజులు గడిచేకొద్దీ చెయ్యి తిరిగింది. వేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి, రాత్రి పక్క మీద ఎటు తిరిగినా అమ్మా అనేవాణ్ణి. నావాడు డ్యూటీ నుంచి రాగానే నా నడుముకు నువ్వుల నూనె రాసేవాడు. పొద్దున్నే లేచి దిండును గుద్దేవాడు.

మొదట్లో నేను వరసలోకి రాగానే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. తర్వాత ఆగడం మానేశాయి. అత్తల గురించి, మొగుళ్ల గురించి నా ముందే మాట్లాడేవాళ్లు. పాట ఎత్తుకుంటే నన్నూ అందుకోమనేవాళ్లు. నా గొంతు విని ఇక వద్దనేవాళ్లు.

"మీ ఇంట్ల బువ్వెవ్వలు వండుతరు?" అని ఒకరోజు ఒకామె అడిగింది.

"నేనే."

"పచ్చిపులుసు వస్తదా?"

రాదన్నాను. ఇక చూడాలి, ఎవరికి వాళ్లే నేర్పబోయారు. ఒకరు ఉల్లిగడ్డ కాల్చమంటే ఒకరు పచ్చిదే పిసకమన్నారు. ఆ గొడవలో ఒక మడి మొత్తం నాటడం అయిపోయింది. నన్ను వాళ్లు ఇంకెన్నో అడిగారు గానీ, పెళ్లి సంగతి మాత్రం అడగడం మానేశారు. ఎందుకు మానేశారో అప్పుడు ఆలోచించలేదు.

శ్రావణం దాటేలోగా బదులంతా తీర్చేశాను. చివరి పొలం గట్టెక్కి కాళ్లు కడుక్కుంటుంటే అవ్వ, "తీర్చినవ్ పో" అంది. అంతే. సాయంత్రం వాళ్లింటికి వెళ్తే మళ్లీ పీట వేసింది, చాయ్ పోసింది. అవ్వ అడిగినదానికి నావాడు సరిగ్గా జవాబు చెప్పలేదు కదా. ఆమె లెక్కలో నేను ఇంకా పొయ్యేటోణ్ణే.

వరి పొట్టకొచ్చే వేళకు సమ్మె మొదలైంది. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. నావాడి జీతం ఆగిపోయింది. రోజూ పొద్దున్నే దొరికిన బండెక్కి జనగామకు పోయి, డిపో ముందు టెంటులో కూర్చుని, సాయంత్రానికి గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. భూపాలపల్లిలో బొగ్గు గనులు ఆగాయి. బొగ్గు లేక కరెంటు పోయింది. కరెంటు లేక బావి మోటారు మొరాయించింది. ఎక్కడో భూమి అడుగున పని ఆగితే మా పొలం ఎండుతుందని నాకు అంతవరకూ తట్టలేదు. తిట్టుకుందామన్నా ఎవరిని తిట్టుకుంటాం? ఆగినవాళ్లూ మావాళ్లే, ఎండేదీ మాదే.

అప్పుడు ఆ వాడ బతికిన తీరు నేను మరిచిపోలేను. వాడంతటికీ ఒకటే డీజిలింజను ఉండేది. దాన్ని ఎడ్లబండి మీద ఒక బావి నుంచి ఇంకో బావికి తిప్పారు. ఎవరి పొలం ముందు నెర్రె విచ్చితే వాళ్లకే ముందు వంతు. ఉప్పు, కిరసనాయిలు తప్ప దుకాణం నుంచి కొన్నది లేదు. అవ్వ ఇంట్లో బర్రె ఈనింది, మజ్జిగ మా ఇంటికి వచ్చేది. మా పెరట్లో వంకాయలు ఆపా ఇంటికి పోయేవి. దర్జీ మా చిరిగిన లుంగీలకు కుట్లు వేసి పంపేవాడు. మక్కజొన్న నూకతో గట్క వండుకుని తిన్నాం, పెసరపప్పు తిన్నాం. ఎవరూ ఉపవాసం ఉండలేదు. బదులు అంటే నాట్లకే అనుకున్నాను గానీ ఆ నెల ఊరంతా బదులు మీదే బతికింది.

పట్నంలో నా ఆఫీసులో మా యాస విని నవ్వేవాళ్లు. సినిమాల్లో దొంగలకూ తాగుబోతులకూ ఇచ్చే భాష అది. అందుకని అక్కడ నేను నా మాటను దాచుకున్నాను. ప్రేమను ఎలాగూ దాచుకున్నాను. ఇప్పుడు నావాడు, అతనిలాంటివాళ్లూ వేలమంది రోడ్డెక్కి, మా మాట మాదే, సిగ్గుపడం అని అరుస్తుంటే నాకు ఒళ్లు పులకరించేది. అలా అరిచి వచ్చిన మనిషే పొద్దున లేచి మంచం మీది దుప్పటి నలుపుతుంటే ఒకరోజు తట్టుకోలేకపోయాను.

"రోడ్డు మీద ఆత్మగౌరవమని గొంతు చించుకుంటవు. ఇంట్ల ఎవ్వలూ పండని మంచం దులుపుతవు. ఎవ్వల కోసం?" అన్నాను. కోపంలో నా నోట ఆ ఊరి మాటే వచ్చింది.

అతను దిండు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బొంగురు గొంతుతో మెల్లగా అన్నాడు. "ఆ అరుపు అరిసెటోళ్లు వేలమందున్నరు. గీ మాట చెప్పాలంటె నేనొక్కన్నే."

అతను దిండు గుద్దలేదు, మెల్లగా పెట్టి వెళ్లిపోయాడు. అతను నన్ను చూసి సిగ్గుపడుతున్నాడని లోలోపల నొచ్చుకునేవాణ్ణి. సిగ్గు కాదు, ఒంటరితనం అని ఆ రోజు అర్థమైంది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

కొన్నాళ్లకు ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేశారు. మర్నాడు జనగామ రోడ్డు మీద వంటావార్పు. బండ్లు పోకుండా రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి, ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తినాలి. ఇంటికొక మనిషి, ఇంటికొక మానెడు బియ్యం.

పొద్దున్నే నావాడు మానికతో బియ్యం కొలిచి ఒక గుడ్డలో మూటకట్టాడు. తర్వాత ఇంకో గుడ్డ తీశాడు. ఇంకో మానెడు కొలిచాడు. గింజలు అడుగంటిన కుండలో మానిక గీరుకున్న చప్పుడు నాకు వినబడింది. ఉన్న బియ్యంలో సగం పోయింది. ఒక మూట తను పట్టుకుని, ఒకటి నా చేతికిచ్చాడు. ఇద్దరం రెండు ఇళ్ల మనుషుల్లా కాస్త ఎడంగా నడిచాం.

రోడ్డు మీద తిరునాళ్లలా ఉంది. రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గుండిగలు. పొగ, డప్పులు, పిల్లల అల్లరి. లారీలవాళ్లు కూడా దిగి కట్టెలు చీలుస్తున్నారు. అవ్వ గోనెసంచి మీద కూర్చుని, వచ్చినవాళ్ల బియ్యం తన మానికతో కొలిచి గుండిగలో పోయిస్తోంది. ముందు ఆడవాళ్లు, వెనక మగవాళ్లు వరసగా నిలబడ్డారు. నావాడితో డిపోలో పనిచేసేవాళ్లు కూడా కొందరు వచ్చి ఉన్నారు.

మా వంతు వచ్చింది. నావాడి మూట తీసుకుని అవ్వ కొలిచి పోసింది. నేను నా మూట చాపాను. ఆమె చెయ్యి ముందుకు రాలేదు.

"గిదెవ్వలది?"

"నాది" అన్నాను.

"నీదంటె?" అంది. చూసింది మాత్రం నన్ను కాదు, నావాణ్ణి. "ఇంటికొక మానెడని గద చాటిచ్చింది. మీయి ఎన్ని ఇండ్లు కొడుకా?"

ఇంత జనంలో, పట్టపగలు, నడిరోడ్డు మీద అడిగింది. ఆ ముసలిది తెలిసే అడిగిందని ఆమె కళ్లు చూస్తే తెలుస్తోంది. ఆపా చింతపండు గిన్నె ముందు వంగి ఉన్నదల్లా తలెత్తింది. నాట్ల వరసలో నా పక్కన వంగిన ఆడవాళ్లంతా ఊరికే చూస్తున్నారు. వాళ్ల మొహాల్లో ఆశ్చర్యం లేదు. పెళ్లి సంగతి అడగడం ఎందుకు మానేశారో నాకప్పుడు తట్టింది. వాళ్లకు తెలియనిది ఏమీ లేదు. తెలుసని చెప్పడం వాళ్ల పని కాదు, అంతే. అది నావాడు చెప్పాలి.

నావాడు నేల చూశాడు. కాలి బొటనవేలు కదిలింది. రెండు ఇండ్లవ్వా అంటాడని నేను ఎదురుచూశాను. అంటే అననీ, ఇంక కోపం తెచ్చుకోకూడదని మనసులో నిర్ణయించుకున్నాను. అతను తలెత్తి నా చేతిలోని మూటను చూశాడు.

"ఒక్కటే అవ్వా" అన్నాడు. గొంతు బొంగురుగా ఉండి సరిగ్గా వినబడలేదేమోనని మళ్లీ అన్నాడు. "మాది ఒక్కటే ఇల్లు."

వెనక మగవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వేదేమున్నది? నీ మానెడేది, ముందుగాల అది తియ్యి" అని అవ్వ అటు ఒక్క అరుపు అరిచింది. డిపోవాళ్లలో ఒకతను మొహం తిప్పుకున్నాడు. ఇంకొకతను ముందుకొచ్చి నావాడి భుజం మీద చెయ్యి వేసి, పోయి కట్టెలు అందుకున్నాడు. అవ్వ నా మూట ముడి విప్పలేదు. ఇంకాస్త గట్టిగా బిగించి నా చేతిలోనే పెట్టింది.

"తీస్కపోయి కుండల పోస్కోన్రి. జీతం లేని దినాలాయె. ఒక్క ఇంటికి రెండు మానెడ్లు ఎవ్వలిమ్మన్నరు మిమ్ముల?"

నేను ఆ మూట పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పొగ వల్ల అనుకుంటారులే అని సర్దుకోబోయాను. అవ్వ అంతవరకూ రానివ్వలేదు.

"నువ్వేంది, చుట్టం లెక్క నిలవడ్డవు? పో, పోయి చింతపండు పిసుకు. ఆపా ఒక్కతే తన్లాడుతున్నది."

ఆ ఊళ్లో నాకు చెప్పిన మొదటి పని అది. పోయి కూర్చున్నాను. ఆపా జరిగి చోటిచ్చింది. మోచేతుల దాకా పులుసు చేసుకుని, ఊరికి సరిపడా పచ్చిపులుసు కలిపాను. ఉల్లిగడ్డ కాల్చాలా, పచ్చిదే పిసకాలా అని మళ్లీ గొడవ మొదలైంది. ఈసారి నేనూ గొడవపడ్డాను. దూరంగా పొయ్యి దగ్గర నావాడు కట్టెలు ఎగదోస్తూ, మధ్యమధ్యలో నావైపు చూస్తున్నాడు. ఇంత జనంలో అతను నన్ను అలా చూడటం నేనెప్పుడూ ఎరగను. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది, చెప్పలేనంత భయంగానూ ఉంది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు పక్కపక్కనే నడిచాం. మూట మాత్రం నేనే మోశాను. ఆ బియ్యం అతను కుండలో పోస్తుంటే చప్పుడు కొత్తగా వినబడింది.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. లేచి ముందు గదిలోకి వెళ్తే గది బోసిగా ఉంది. మంచం వాకిట్లో ఉంది. దాని మీద ఆపా వాళ్ల మక్కకంకులు వరసగా ఎండుతున్నాయి. నావాడు పక్కన గొంతుక్కూర్చుని కోళ్లను తోలుతున్నాడు.

"ఆపా అడిగింది, ఎండబోసుకుంటదట" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆపా అడగలేదని నాకు తెలుసు. ఆమె వాకిట్లో ఆమెకు రెండు మంచాలున్నాయి.

ఆ రోజు దిండు గుద్దిన చప్పుడు వినబడలేదు. అందుకే అంత పొద్దెక్కేదాకా పడుకున్నాను.